మీరెవరో తెలియలేదు

"మీరెవరో తెలియలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

కంప్యూటర్ తెర మీద ఈ మాటలు చూసి మా కంపెనీలో అందరికంటే ముందు అలిగిన మనిషి ఆదిలక్ష్మి. ట్యాంకర్లను తూచే వేబ్రిడ్జి దగ్గర కూర్చుంటుంది. ఆ సోమవారం పొద్దున విసవిసా నా గదిలోకి వచ్చి, "పెళ్ళి కాకముందు నుంచీ ఇక్కడే పనిచేస్తన్నాను మేడమ్! నేనెవరో తెలీదంటది! మీ సర్వర్‌కి కాస్త బుద్ధి చెప్పండి" అంది.

బుద్ధి చెప్పడం నాకు బాగా అలవాటైన పని. సర్వర్‌కీ, ప్రింటర్‌కీ, ఇంట్లో మిక్సీకీ, స్కూటర్‌కీ కూడా చెబుతుంటాను. నా పేరు హైమవతి. కాకినాడ పోర్టు పక్కన వంటనూనె శుద్ధి చేసే కంపెనీ మాది. లోపలివాళ్ళకి మాత్రమే తెరుచుకునే కంపెనీ వెబ్‌సైటూ, అది నడిచే సర్వరూ నా బాధ్యత. హాజరు, సెలవు, ట్యాంకర్ బరువు, నూనె పరీక్ష ఫలితం, అన్నీ అందులోనే ఎక్కించాలి. ల్యాబ్ వాళ్ళు లాగిన్ అయి ఫలితం ఎక్కిస్తే తప్ప ట్యాంకర్‌లోంచి నూనె దించుకునే పంపు తెరుచుకోదు. అంచేత ల్యాబ్‌లో లాగిన్ ఆగిందంటే బండ్లన్నీ రోడ్డు పొడుగునా నిలబడి హారన్లు కొడతాయి. ఆదిలక్ష్మి మాట పూర్తయ్యేలోపే హారన్లు మొదలయ్యాయి.

ల్యాబ్‌కి పరుగెత్తాను. మా ఆయన శేషగిరి అక్కడ కెమిస్టు. పలక మీద నాలుగు వేళ్ళూ ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. తెర మీద అదే మాట వచ్చింది. వేళ్ళు తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే.

పలక సంగతి చెప్పాలి. మా వాళ్ళకి పాస్‌వర్డ్ అంటే ఊరెళ్ళేటప్పుడు పక్కింట్లో ఇచ్చి వెళ్ళే తాళంచెవి. ఒకరు ఆలస్యంగా వస్తే ఇంకొకరు వాళ్ళ పేరు మీద లాగిన్ అయి హాజరు వేసేసేవారు. ఎవరి పాస్‌వర్డ్ ఏమిటో టీ అబ్బాయితో సహా అందరికీ తెలుసు. ఇది భరించలేక మా జి.ఎం. సుందరరామంగారు పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి ఈ పలకలు తెప్పించారు. చిన్నపిల్లల రాతపలకంత ఉంటుంది. దాని మీద వేళ్ళు పెట్టి, మీ జ్ఞాపకం ఒకటి తలుచుకోవాలి. మొదటిరోజు ఏది తలుచుకున్నారో రోజూ అదే. తలుచుకునేటప్పుడు మీ మనసు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ పరుగెడుతుందో పలక పట్టుకుంటుంది. సరిపోతే తెరుచుకుంటుంది. బాగా ఇష్టమైన జ్ఞాపకం ఎంచుకోండి, ఎవరికీ చెప్పకండి అని అందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పారు. ఎంత ఇష్టమైనదైతే అంత గట్టి తాళమట.

అందరూ తమకున్న వాటిలో అపురూపమైనది ఏరి అందులో పెట్టారు. నేను మాత్రం పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు పదిమందిలో నా సాంబారుని నవ్వులపాలు చేసిన రోజు పెట్టుకున్నాను. అంతకంటే గట్టిగా గుర్తున్నది నాకు ఇంకోటి లేదు మరి.

ఆ రోజు నేను చేయని వైద్యం లేదు. పలకని స్పిరిట్‌తో తుడిచాను, నూనె చేతులు కదా అని. వైరు మార్చాను. సర్వర్‌లో గడియారం సరిగ్గా ఉందో లేదో చూశాను. సర్వర్ ఆపి మళ్ళీ వేశాను. చివరికి ల్యాబ్‌లో పలకని అకౌంట్స్‌కి, అకౌంట్స్‌లో పలకని ల్యాబ్‌కి మార్చాను. అకౌంట్స్ వాళ్ళకి ల్యాబ్ పలక మీద కూడా చక్కగా తెరుచుకుంది. మా ఆయనకి ఏ పలక మీదా తెరుచుకోలేదు. పలక మంచిదే, సర్వర్ మంచిదే. మరి ఏది పాడైనట్టు?

"ఏం రోగమే నీకు? ఇంకోసారి ఇలా చేశావంటే తుక్కుకి అమ్మేస్తాను నిన్ను!" అని అరిచాను సర్వర్ మీద. నాకిది మామూలే. నేను ఇలా వస్తువుల్ని తిట్టినప్పుడల్లా మా ఆయన పక్కన నిలబడి తనలో తాను నవ్వుకుంటారు. ఎందుకని అడిగితే "ఏం లేదు" అంటారు. పెళ్ళయినప్పటి నుంచీ అంతే. అసలే మాటకారి కాదు. పెళ్ళిచూపుల్లో నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, "మీకు సైకిల్ తొక్కడం వచ్చా?" అని. మా పిన్ని ఇప్పటికీ ఆ మాట తలుచుకుని పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

ఆ రోజు మా ఆయన నవ్వలేదు. నుదురు చిట్లించి, "ప్రాణం లేనిదాన్ని పట్టుకుని ఎందుకలా అరుస్తావు హైమా? తలనొప్పి వస్తోంది" అన్నారు.

నాకు చివుక్కుమంది. ట్యాంకర్ల గోలలో పడి అప్పటికి ఊరుకున్నాను.

బండ్లు కదలాలి కాబట్టి ఫలితాలన్నీ నా లాగిన్ మీద నేనే ఎక్కించాను. మా ల్యాబ్‌లో ప్రతి నూనె నమూనాకి రెండుసార్లు లాగిన్ కావాలి, మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించేటప్పుడు ఒకసారి. పలక మీద వేళ్ళు, సాంబారు, అత్తగారు, నవ్వులు. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ సాంబారు. సాయంత్రానికి నా చేతులు నొప్పెట్టాయి. అత్తగారు అప్పుడే ఏదో పని మీద ఫోన్ చేశారు. నేను ఆవిడతో ఎంత నెమ్మదిగా మాట్లాడానంటే, ఒంట్లో బాగాలేదా అని ఆవిడే అడిగారు. ఫోన్ పెట్టేశాక ఆశ్చర్యపోయాను. ఇన్నేళ్ళుగా దాచుకున్న కోపం కోసం లోపల వెతికితే దొరకలేదు. సాంబారు గిన్నె కనపడింది, నవ్వుతున్న మొహాలు కనపడ్డాయి. అయితే ఏంటి అనిపించింది, అంతే.

ఏదో తేడాగా ఉందనిపించింది గానీ ఏమిటో అంతు పట్టలేదు.

ఇంటికొచ్చి వంకాయలు తరుగుతూ మా ఆయన్ని అడిగాను. "ఏవండీ, మీరు పలకలో ఏ జ్ఞాపకం పెట్టుకున్నారు?"

"ఎవరికీ చెప్పొద్దన్నారు కదా."

"సర్వర్ చూసుకునేది నేనే. నాకు చెప్పొచ్చు."

దాస్తున్నారేమో అనుకున్నాను. తరవాత ఆయన మొహం చూస్తే, తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోయి జేబులన్నీ తడుముకునే మనిషిలా ఉన్నారు.

"వాన వెలిసింది. వంతెన ఉంది. మొక్కజొన్న పొత్తు కాలుతున్న వాసన..." అని ఆగారు. "ఒక అమ్మాయి ఉండేది."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. "ఏ అమ్మాయి?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటండీ? బాగా ఇష్టమైన జ్ఞాపకం ఎంచుకోమన్నారు. మీరు ఎవరో అమ్మాయిని ఎంచుకున్నారు. ఎవరావిడ?"

"నిజంగా తెలీదు హైమా. మంచి జ్ఞాపకమే అని గుర్తుంది. ఎందుకు మంచిదో గుర్తు లేదు." అడగకుండానే మళ్ళీ అన్నారు, "మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు."

ఆ పూట వంకాయ కూర మాడింది. దోషం స్టవ్‌ది కాదని తెలిసి కూడా స్టవ్‌ని తిట్టాను. ఆయన లేచి టీవీ గొంతు పెంచారు. ఒకప్పుడైతే వంటింటి గుమ్మం దాకా వచ్చి మరీ నవ్వుకునేవారు. ఎన్నాళ్ళయింది ఆ నవ్వు చూసి? ఆలోచిస్తే పలకలు వచ్చాకే తగ్గినట్టు అనిపించింది. లేక, ఆ అమ్మాయి మళ్ళీ గుర్తొచ్చాక తగ్గిందా? ఈ వయసులో నాకీ అసూయ ఏమిటని సిగ్గేసింది. సిగ్గేసినా తగ్గలేదు.

మంగళవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే లాగిన్ రానివాళ్ళు ఎవరెవరో చూశాను. ల్యాబ్ వాళ్ళు, వేబ్రిడ్జి వాళ్ళు, గేటు వాళ్ళు. రోజంతా పలక మీద వేళ్ళు పెట్టేవాళ్ళంతా అందులో ఉన్నారు. పొద్దున ఒకసారి హాజరు వేసి వెళ్ళిపోయే ఆఫీసువాళ్ళు ఒక్కరూ లేరు. జి.ఎం.గారికైతే ఇంతవరకు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. ఆయన నెలకో రెండు నెలలకో లాగిన్ అవుతారు.

ఆదిలక్ష్మిని పిలిచి, నువ్వు ఏం తలుచుకుంటున్నావని అడిగాను. "మా నాన్న నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని మా ఊరి తీర్థానికి తీసుకెళ్ళాడు మేడమ్. చిన్నప్పుడు" అంది. తరవాత మెల్లగా, "నాన్న మొహం వస్తంది. తీర్థం వస్తంది. భుజం మీద కూర్చున్నట్టు మాత్రం అనిపించట్లేదు. పైనించి అన్నీ చిన్నగా కనపడేయి. ఇప్పుడు ఎవరో చెప్పిన కతలాగుంది" అంది. అలిగి వచ్చిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

పలకలు తయారుచేసిన డాక్టర్ వారుణికి హైదరాబాద్ ఫోన్ చేశాను. చిన్నమ్మాయే, ముప్ఫై దాటి ఉండదు. నేను చెప్పిందంతా విని, "మీ ల్యాబ్‌లో రోజుకి ఎన్నిసార్లు పెడతారు మేడమ్ వేళ్ళు?" అని అడిగింది.

"శాంపిల్‌కి రెండుసార్లు. రోజంతా శాంపిళ్ళే."

అవతల ఏవో లెక్కలు కడుతున్నట్టు గొణుక్కుంది.

"జ్ఞాపకాన్ని తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని బయటికి తీసి మళ్ళీ లోపల పెడుతుంది మేడమ్" అంది చివరికి. "పెట్టేటప్పుడు కొంచెం మారుతుంది. మామూలుగా ఎప్పుడో ఒకసారి తలుచుకుంటాం కాబట్టి ఫరవాలేదు. మేం రోజుకి ఒకటి రెండుసార్లే అనుకుని చేశాం. మీ వాళ్ళు అదే జ్ఞాపకాన్ని, పని తొందరలో, తలుపు తెరుచుకుంటే చాలని తీసి పెడుతున్నారు."

నాకు ఊరగాయ జాడీ గుర్తొచ్చింది. పొడి గరిటెతో ఎప్పుడైనా తీసుకుంటే ఏడాదంతా ఉంటుంది. తడి గరిటెతో పూటపూటా కెలికితే బూజు పడుతుంది. "మరి తిరిగి వస్తుందా?" అని అడిగాను.

"తెలీదు మేడమ్." ఆ పిల్ల గొంతు మారింది. "మొదటి పరీక్షలన్నీ నా మీదే చేసుకున్నాను. మా తమ్ముడు... చనిపోయాడు. వాడితో గాలిపటం ఎగరేసిన రోజు పెట్టుకున్నాను. ఇప్పుడు ఫొటో చూస్తే వాడే అని తెలుస్తుంది. అంతే. నా దిగులు తగ్గిందనుకున్నాను. జ్ఞాపకమే అరిగిపోతోందని అనుకోలేదు."

కోపంగా నాలుగు మాటలు అనాలని ఫోన్ చేసిన మనిషిని, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగి పెట్టేశాను.

జి.ఎం.గారికి ఇదంతా చెబితే ఆయన తేలిగ్గా తీసేశారు. "అరిగితే ఇంకోటి పెట్టుకోమనండి. మనిషికి జ్ఞాపకాలకేం కరువు? ఇవాళ మధ్యాహ్నానికల్లా అందరికీ కొత్తవి ఎక్కించండి. బయట బండ్లు చూశారా?"

చూశాను. పోర్టు రోడ్డు మలుపు దాకా ఉన్నాయి. చేసేదిలేక మొదటగా మా ఆయన్నే నా గదికి పిలిచాను. పలక ముందు కూర్చోబెట్టి, "కొత్త జ్ఞాపకం ఒకటి ఆలోచించండి. పోయినా ఫరవాలేదనుకునేది" అన్నాను.

"పోయినా ఫరవాలేదనుకునేది గుర్తెందుకుంటుంది హైమా?" అన్నారు.

అప్పుడే నా తెర మీద ఒక వరస వచ్చింది. శేషగిరి, ల్యాబ్, లాగిన్ అయ్యారు.

ఇద్దరం తెర వంక చూశాం. తరవాత ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. "నేను ఇక్కడే ఉన్నాను కదా?" అని నన్నే అడిగారు. ఆ అడగడంలో నిజంగానే అనుమానం ఉంది.

ల్యాబ్‌కి వెళ్ళి తలుపు తోశాను. పలక ముందు నూకరాజు కూర్చుని ఉన్నాడు. ట్యాంకర్ల పైకెక్కి నమూనాలు తీసే టెక్నీషియన్. మా ఆయనకి కుడిభుజం, నన్ను వదినగారూ అని పిలుస్తాడు. కళ్ళు మూసుకుని, మొహం నిండా నవ్వుతో, నాలుగు వేళ్ళు పలక మీద ఆనించి ఉన్నాడు. నన్ను చూసి వేడి పెనం ముట్టుకున్నట్టు చెయ్యి లాక్కున్నాడు.

"వదినగారండీ! తప్పైపోయిందండి. బండ్లోళ్ళు తిడతన్నారండి. శేషగిరిగారికి రావట్లేదు, నాకూ రావట్లేదు. నాది కూడా అరిగిపోయిందండి. ఈయనగారిది పెట్టి సూద్దామని..."

"ఈయనది నీకెలా తెరుచుకుంటుంది?"

నూకరాజు మా ఆయన వంక చూశాడు. మా ఆయన అయోమయంగా నా వంక చూశారు. నాకు అప్పుడు వెలిగింది. పాస్‌వర్డ్‌లు పంచుకున్నట్టే వీళ్ళు జ్ఞాపకాలు కూడా పంచుకున్నారు. ఎవరికీ చెప్పొద్దన్న దాన్ని, పలకలు వచ్చిన వారంలోనే టీ బంకు దగ్గర కూర్చుని ఒకరికొకరు నేర్పుకున్నారు.

"ఆయ్. నేర్పించారండి" అన్నాడు నూకరాజు తల వంచుకుని. "నేను లేటైతే నాది ఆయన, ఆయన లేటైతే ఆయనది నేను. ఊరికే ఇంటే తెరుసుకోదండి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో అన్నీ సెప్పించుకున్నాను. మొక్కజొన్న పొత్తు కాడ కొంచెం ఆగాలండి. అక్కడ ఆగకపోతే ఎవరో తెలీదంటది. నా ఉద్యోగం పీకించకండి వదినగారూ, పిల్లలు సదువుకుంటన్నారు."

ఉద్యోగం పీకించాల్సిన నేరమే. నాకు ఆ క్షణంలో ఉద్యోగమూ గుర్తు లేదు, సర్వరూ గుర్తు లేదు. "ఎవరా అమ్మాయి?" అన్నాను.

"ఏ అమ్మాయండి?"

"వంతెన దగ్గర అమ్మాయి. చెప్పు నూకరాజూ. ఈయనకి గుర్తు లేదట. నీకు గుర్తుంది కదా?"

నూకరాజు బిత్తరపోయాడు. "అదేంటండీ? మీకు సెప్పలేదా ఈయనగారు? అది మీరే కదండీ!"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. మా ఆయన నిలబడే ఉన్నారు. నూకరాజు చెప్పాడు. ఒకసారి మొదలుపెట్టాక భయం పోయి, తన సొంత సంగతి చెబుతున్నంత ఇష్టంగా చెప్పాడు.

"ఈయనగారు అప్పటికి ఉద్యోగంలో కొత్తండి. సాయంత్రం వాన వెలిసింది. జగన్నాథపురం వంతెన దిగువన మొక్కజొన్న పొత్తు కొనుక్కుని నిలబడ్డారు. ఒకమ్మాయి సైకిల్ మీద వచ్చిందండి. వంతెన ఎక్కబోతుంటే సైకిల్ సైన్ ఊడింది. దిగి, చున్నీ నడుముకి బిగించి, కూకుని, జడలో పిన్ను తీసి ఆ సైన్ ఎక్కించడం మొదలెట్టింది. చేతులకి గ్రీజు. నుదుటి మీద జుట్టు పడితే మోచేత్తో తోసుకుంది, నుదుటి నిండా గ్రీజంట. పక్కనించి అందరూ వెళ్తన్నారు, ఆవిడ ఎవరినీ సాయం అడగలేదు. ఏదో పాట పాడుకుంటా పని చేసుకుందంట. సైన్ ఎక్కాక సీటు మీద ఒక్క చరుపు చరిచి, ఎక్కి వెళ్ళిపోయింది. ఈయనగారు పొత్తు కొరకడం మర్చిపోయి నిలబడ్డారు. ఇంకో ఆరు నెల్లకి ఎవరో సంబంధం తెత్తే పెళ్ళిచూపులకి వెళ్ళారంట. తలుపు తీసింది ఆవిడేనండి. మీరే. ఆవిడేనా కాదా గట్టిగా తెలుసుకోవడానికి ఒక్క మాట అడిగారంట."

"మీకు సైకిల్ తొక్కడం వచ్చా" అన్నాను నేను.

ఇన్నేళ్ళకి ఆ ప్రశ్నకి అర్థం దొరికింది. నేను మిక్సీని తిడితే ఈయన ఎందుకు నవ్వుకునేవారో కూడా కొంత అర్థమైంది. పాలిటెక్నిక్‌కి ఆ డొక్కు సైకిల్ మీదే వెళ్ళేదాన్ని. దాని చైను రోజూ ఊడేది. నూకరాజు చెప్పిన రోజు ఏదో నాకు తెలీదు, ఊడిన ప్రతి రోజూ ఒక్కలాగే ఉండేది. ఎవరో నిలబడి చూశారనీ, అది ఇన్నాళ్ళు దాచుకున్నారనీ తెలిసి గుండె నిండిపోయింది. నేను ఎవరి మీద అసూయపడ్డానో ఆ అమ్మాయిని నేనే. ఆ సంతోషంతోనే తలెత్తి మా ఆయన వంక చూశాను.

ఆయన శ్రద్ధగా వింటున్నారు. పక్కింటివాళ్ళ సంగతి చెబితే మర్యాదగా వినేవాళ్ళలాగా.

"బావుంది" అన్నారు. తరవాత నూకరాజుని అడిగారు, "ఇంతకీ పొత్తు తిన్నానా?"

"సల్లారిపోయిందని పారేశారండి. మీరే సెప్పారు" అన్నాడు నూకరాజు. వాడికి కళ్ళ నీళ్ళొచ్చాయి.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పలకని ప్లగ్గులోంచి పీకి, చంకలో పెట్టుకుని, తిన్నగా జి.ఎం.గారి గదికి వెళ్ళాను. ఆయన బల్ల మీద పెట్టి వైరు తగిలించాను.

"ఏంటమ్మా ఇది?"

"ల్యాబ్‌లో ఎవరికీ లాగిన్ రావట్లేదు సార్. మీకు ఒక్కసారీ ఫెయిల్ కాలేదు. ఇవాళ ఫలితాలన్నీ మీ పేరు మీద ఎక్కిద్దాం. వరసగా వేళ్ళు పెడుతూ ఉండండి, నేను ఎక్కిస్తుంటాను. బండ్లు కదలాలి కదా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, సరే ఇందులో ఏముందన్నట్టు వేళ్ళు పెట్టారు. కళ్ళు మూసుకోగానే ఆ గట్టి మొహం మెత్తబడింది. అది నేనెన్నడూ చూడని మొహం. తెరుచుకుంది. నేను ఒక ఫలితం ఎక్కించి, "మళ్ళీ సార్" అన్నాను. పెట్టారు. "మళ్ళీ." పెట్టారు. "ఇంకో పాతిక బండ్లున్నాయి సార్, బండికి రెండు. మళ్ళీ."

ఆయన చెయ్యి పలక పైన గాలిలో ఆగిపోయింది. కాసేపు అలాగే ఉంచి, వెనక్కి తీసుకుని, ఇంకో చేత్తో ఆ వేళ్ళు పట్టుకున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఏం తలుచుకున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

"పాత పాస్‌వర్డ్‌లు మళ్ళీ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నారు, నా వంక చూడకుండా.

సాయంత్రానికి పలకలన్నీ విప్పి బీరువాలో పడేశాను. తప్పు ఎక్కడుందో రాయమంటే, పలకలు మా పనికి సరిపడవు అని రాశాను. నూకరాజు పేరు ఎత్తలేదు. ఆ వారంలోనే అందరి పాస్‌వర్డ్‌లూ మళ్ళీ అందరికీ తెలిసిపోయాయి. ఈసారి జి.ఎం.గారు ఏమీ అనలేదు.

మా ఆయన ఏం పెట్టుకోవాలని నన్నే అడిగారు. సైకిల్ చైన్ అని పెట్టుకోండి అన్నాను. పెట్టుకున్నారు. వారం తిరిగేసరికి మర్చిపోయి, నా గది గుమ్మంలో నిలబడి, "హైమా, నా పాస్‌వర్డ్ ఏంటి?" అన్నారు. నేను పాస్‌వర్డ్ చెప్పకుండా కథ చెప్పాను. వాన, వంతెన, పొత్తు, చైను. నేను చెబితే అరిగేది నాదే, ఆయనది కాదు కదా. ఆయన విని, "ఆఁ, సైకిల్ చైన్" అని వెళ్ళిపోయారు. ఆ తరవాత మర్చిపోయినప్పుడల్లా వస్తున్నారు, నేను చెబుతున్నాను. నిజంగా మర్చిపోతున్నారో, కథ కోసం వస్తున్నారో నాకు తెలీదు. ఒక్కోసారి, ఎవరో అమ్మాయిని ఇంత ముద్దుగా వర్ణిస్తున్నానేమిటని నాకే తికమకగా ఉంటుంది. నూకరాజు చెప్పిన పాట ఏమై ఉంటుందా అని కూడా ఆలోచించాను. నాకు పాటలు రావు. పోనీలే, ఆ వయసులో ఏదో కూనిరాగం తీసి ఉంటాననుకున్నాను.

మొన్న ఆదివారం పొద్దున మార్కెట్‌కి బయల్దేరాం. వాకిట్లో స్కూటర్ స్టార్ట్ కాలేదు. ఆయన కిక్కు కొట్టీ కొట్టీ అలసిపోయారు. నేను సంచీ కింద పడేసి స్కూటర్ మీద విరుచుకుపడ్డాను. "ఏం, బయటికి వెళ్ళాలంటే నీకు బద్ధకమా? ఇవాళ కదల్లేదంటే చెబుతున్నాను, తుక్కుకి అమ్మేస్తాను నిన్ను!"

పక్కకి తిరిగాను. చూస్తే ఆయన తనలో తాను నవ్వుకుంటున్నారు.

"ఏంటి?" అన్నాను.

"ఆ రోజు కూడా ఇదే అన్నావు. పాటా లేదు, పాడూ లేదు. సైకిల్‌ని తుక్కుకి అమ్మేస్తానని తిడుతున్నావు. పెళ్ళాం తిట్ల సంగతి నూకరాజుకి ఏం చెబుతాం అని పాట అని చెప్పి ఉంటాను."

సైకిల్‌ని అలాగే తిట్టేదాన్ని, నిజమే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నూకరాజు చెప్పలేదు. కానీ నేను సర్వర్‌ని అదే మాట అనడం ఈయన ఎన్నిసార్లు వినలేదు? చెప్పి ఉంటాను అన్నారు, చెప్పాను అనలేదు. ఆ సాయంత్రం నిజంగా మనసులోకి తిరిగొచ్చి అన్నారో, ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి కాబట్టి నేనైతే ఏమంటానో తెలిసి అల్లేశారో! బీరువాలో పలకలున్నాయి. తాళంచెవి నా సంచీలోనే ఉంది. ఒక్కసారి వేళ్ళు పెట్టిస్తే తేలిపోతుంది.

నిజంగా గుర్తొచ్చిందా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన మళ్ళీ తలుచుకుంటారు.

"నవ్వింది చాలు. ఇంకో కిక్కు కొట్టండి" అన్నాను.